మీ ఐడియా మీద డబ్బు పెట్టొచ్చా? వెల్డింగ్ షెడ్డుకు రాకముందే తేల్చుకునే పద్ధతి

విజయవాడ ఆటోనగర్‌లో నాకో చిన్న ఫాబ్రికేషన్ షెడ్డుంది. ఒక లేత్, రెండు వెల్డింగ్ సెట్లు, పైపు వంచే మిషను ఒకటి, నలుగురు పనివాళ్లు. గేట్లు, గ్రిల్స్, ట్రాలీలతో రోజు గడిచిపోతుంది. నెలకు ఇద్దరు ముగ్గురు మాత్రం గేటు కోసం రారు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి "ఇది ఇంకెక్కడా లేదు బాబాయ్" అంటారు.

కాగితం చూసి రేటు చెప్పేస్తే నాకు పని దొరుకుతుంది. చాలా ఏళ్లు అదే చేశాను. వాళ్లు చేయించుకెళ్లినవి ఇప్పుడు ఏ మేడ మీదో తుప్పు పడుతూ ఉంటాయి. వాటిలో నాది కూడా ఒకటుంది, దాని సంగతి తర్వాత చెప్తాను. ఇప్పుడు మాత్రం కాగితం తీసినవాళ్లని కూర్చోబెట్టి, టీ చెప్పి, కింద రాసిన వరసలో అడుగుతున్నాను. ఈ వరస ముఖ్యం. పైసా ఖర్చు లేని పరీక్షలు ముందు, జేబు ఖాళీ చేసేవి చివర. మనవాళ్లు సరిగ్గా తిరగేసి చేస్తారు. ముందు పేరు, లోగో, పేటెంట్ ఏజెంటు. డబ్బంతా అయిపోయాక కొనేవాడి దగ్గరికి బయల్దేరతారు.

అర్థం కావడానికి మొదటి నుంచి చివరి దాకా ఒకే ఐడియా పట్టుకుని చెప్తాను. పోయిన మిర్చి సీజన్‌లో మేడికొండూరు వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. బీటెక్ మెకానికల్. వాళ్లది మిర్చి సాగు. కల్లంలో ఆరబోసిన మిర్చి మీదకి వాన వస్తే హ్యాండిల్ తిప్పగానే టార్పాలిన్ పట్టా దానంతటదే పరుచుకునే రోలర్ గీసుకొచ్చాడు. బొమ్మ బాగా గీశాడు. "ఎంతవుద్ది?" అన్నాడు. రేటు తర్వాత చెప్తానన్నాను.

1. ఐడియా పేరు రాకుండా సమస్యని ఒక్క వాక్యంలో రాయండి

సమస్య ఏంటని అడిగితే "కల్లానికి రోలర్ పట్టా లేకపోవడం" అన్నాడు. అది సమస్య కాదు కదా, తను చెయ్యాలనుకుంటున్న వస్తువు ఇంకా లేదని చెప్పడం. ఇలా రాసుకుంటే ఆ వస్తువు తప్ప ఇంకో దారి కళ్లకి కనపడదు. నాలుగుసార్లు కొట్టేసి చివరికి ఇలా రాశాడు: "ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కల్లంలో ఆరబెట్టే మిర్చి మీద అకాల వాన పడితే, కప్పేలోపే కాయ తడిసి తాలవుతుంది, రైతుకు రేటు పడిపోతుంది." ఎవరికి, ఎప్పుడు, ఏం నష్టం అనేవి మూడూ ఇందులో ఉన్నాయి. రోలర్ మాట లేదు. మీ వాక్యం కూడా ఇలా రావాలి. గంట కూర్చున్నా రాకపోతే మీ దగ్గర ఉన్నది వస్తువే, సమస్య ఇంకా దొరకలేదని లెక్క.

దీనికోసం ఒక నోటుబుక్కు పెట్టండి. పేజీ నంబర్లు, తారీఖులు వేయండి. మన దేశంలో ముందు కనిపెట్టినవాడికి కాకుండా ముందు దరఖాస్తు పెట్టినవాడికే పేటెంట్ హక్కు, కాబట్టి నోటుబుక్కు ఒక్కటే మిమ్మల్ని కాపాడదు. కానీ రేపు భాగస్వాముల మధ్య "ఇది నేను చెప్పిందే" అనే గొడవ వస్తే పనికొస్తుంది.

ఇంకో మాట. ఈ దశలో రీల్స్ చేయకండి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, కాలేజీ ఎగ్జిబిషన్‌లో నలుగురి ముందు తిప్పి చూపించకండి. దరఖాస్తు కంటే ముందే విషయం బయటపడితే, బయటపెట్టింది మీరే అయినా సరే, అది కొత్తది కాదని పేటెంట్ ఆఫీసు తిప్పి పంపొచ్చు. కొన్ని మినహాయింపులు చట్టంలో ఉన్నాయి గానీ వాటిని నమ్ముకుని దిగడం మంచిది కాదు.

2. బాధ ఉన్న చోటికి వెళ్లండి, ఐడియా మాత్రం చెప్పకండి

అన్నిటికంటే ఎక్కువ రోజులు పెట్టాల్సింది దీని మీదే. అందరూ ఎగ్గొట్టేదీ దీన్నే.

మనవాళ్లలో ఒక మంచి గుణం ఉంది, ఐడియా ఉన్నవాడికి అదే శాపం. ఎదుటివాడి మనసు నొప్పించలేరు. "ఇలాంటిది చేస్తే కొంటారా?" అంటే "ఎందుకు కొనం బాబూ, భేషుగ్గా ఉంది" అంటారు. మజ్జిగ కూడా ఇచ్చి పంపిస్తారు. ఆ మాటని ఆర్డరు అనుకుని అప్పు చేసినవాళ్లు నాకు తెలుసు. అందుకే రాబోయేదాన్ని గురించి అడగొద్దు, జరిగినదాన్ని గురించి అడగండి. పోయిన ఏడాది ఎన్నిసార్లు వాన పడింది? ఆ రోజు ఏం చేశారు? ఎంతమంది పట్టారు? ఎంత కాయ పోయింది? మళ్లీ అలా కాకుండా ఏమైనా కొన్నారా? చివరి ప్రశ్నకి "ఏం కొనలేదు" అని పదిమందిలో ఎనిమిది మంది చెప్పారంటే, ఆ బాధ నిజమే కావచ్చు, కానీ జేబులో చెయ్యి పెట్టించేంత పెద్దది కాదు.

పది పదిహేను మందిని కలవండి. మీ బంధువులు, మీ ఊరివాళ్లు లెక్కలోకి రారు.

కుర్రాడిని మూడు కల్లాల దగ్గర మూడు సాయంత్రాలు ఊరికే కూర్చోమన్నాను, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని. మూడో రోజు రాత్రి ఫోన్ చేశాడు, గొంతులో ఉత్సాహం లేదు. వాన సంగతి అలా ఉంచితే, రాత్రి మంచుకి తడవకూడదని రోజూ సాయంత్రం కాయని పోగు చేసి కప్పుతారు. ముగ్గురు ఆడవాళ్లు, ఒక మగమనిషి కలిసి చేటలతో, పారలతో, చీపుర్లతో పోగు చేయడానికి గంటన్నర పట్టింది. పట్టా కప్పడానికి పట్టింది పన్నెండు నిమిషాలు! అతని రోలర్ ఆదా చేసేది ఆ పన్నెండు నిమిషాల్లో కొంత. మరి పరిచిన కాయ మీదే పట్టా లాగేస్తే పోగు చేయక్కర్లేదు కదా అని ఒక పెద్దాయన్ని మాటల్లో పెట్టి అడిగాడట. ఆయన నవ్వి, "పైనుంచి వచ్చే నీళ్లకి పట్టా ఉందయ్యా, కిందనుంచి పారే నీళ్లకి ఏం చేస్తావ్?" అన్నాడు. కల్లం నేల చదునుగా ఉంటుంది. పరిచిన కాయని కప్పినా నీళ్లు అంచుల నుంచి లోపలికి పారి కింది కాయని నానబెడతాయి. అందుకే పోగు చేస్తారు.

ఇంజినీరింగ్ నాలుగేళ్లలో రాని ఈ ముక్క మూడు సాయంత్రాల్లో వచ్చింది. ఖర్చు బస్సు ఛార్జీలు.

ఆలేరు చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం సంగతి చాలామందికి తెలుసు. ఆసు పోయడం అంటే నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టడం, ఒక్క చీరకి ఆ దారాన్ని వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. ఆ తిప్పుడుకి వాళ్లమ్మ లక్ష్మి గారి భుజం పడిపోతుంటే చిన్నప్పటి నుంచీ చూశాడాయన. 1992లో మొదలుపెట్టి 1999 దాకా కుస్తీ పట్టి యంత్రం పూర్తి చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయనకి సర్వే అక్కర్లేదు, సమస్య ఇంట్లోనే ఉంది. మనకి ఇంట్లో లేనప్పుడు వెళ్లి ఆ ఇంట్లో కూర్చోవాలి, అంతే.

ఇప్పుడు నా తుప్పు కథ. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునిగింది కదా. నీళ్లు తీశాక వారం పాటు ఆ వీధుల్లో తిరిగాను. ప్రతి గుమ్మం ముందూ ఉబ్బిపోయిన మంచాలు, బురద కక్కుతున్న ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు. జాకీతో ఫ్రిజ్‌ని నాలుగడుగులు పైకి లేపి నిలబెట్టే మడత స్టాండ్ గీశాను. ఎవరిని అడిగినా "చేయండి, మాకు రెండు" అన్నారు. పన్నెండు చేశాను. సంక్రాంతికి అమ్ముడైనవి రెండు. అందులో ఒకటి మా బావమరిది మొహమాటానికి కొన్నాడు. జనం అబద్ధం చెప్పలేదు, అడిగిన రోజున నిజంగానే కావాలనుకున్నారు. మూడు నెలలయ్యేసరికి ఫ్రిజ్ ఈఎంఐ కట్టాలి, పిల్లల ఫీజులు కట్టాలి. ఎప్పుడో వచ్చే వరదకి ఇంట్లో నాలుగు చదరపు అడుగులు ఎవరిస్తారు? అందుకే పెద్ద ప్రమాదం జరిగిన కొత్తలో వచ్చిన ఐడియా అయితే, ఆరు నెలలాగి అదే ప్రశ్న మళ్లీ అడగమంటాను.

3. ఎక్కడా లేదన్నారు కదా, వెతకండి

"ఎక్కడా లేదు" అంటే మామూలుగా "అమెజాన్‌లో పది నిమిషాలు చూశాను" అని అర్థం. సరిగా వెతకాలంటే మూడు రోజులు పడుతుంది.

మొదట బజారు. అమెజాన్, ఇండియామార్ట్, యూట్యూబ్. వస్తువు పేరుతో వెతికితే దొరకదు, ఎందుకంటే మీరు పెట్టిన పేరు మీకే తెలుసు. అది చేసే పని పేరుతో వెతకండి. ఇంగ్లిష్, హిందీ, తమిళం మాటల్లో కూడా వెతకండి. కోయంబత్తూరులో, రాజ్‌కోట్‌లో మనకి తెలియకుండా చిన్న యంత్రాలు చేసేవాళ్లు బోలెడు మంది.

తర్వాత వేరే వృత్తులు. పెద్ద వస్త్రాన్ని త్వరగా పరచడం అనే పని మిర్చి రైతుకి ఒక్కడికే లేదు. క్రికెట్ గ్రౌండ్‌లో వాన రాగానే పిచ్ మీదకి కవర్లు ఎలా వస్తాయి? ఈత కొలనుల మీద కవర్ చుట్టే రోలర్లు ఎలా ఉంటాయి? టిప్పర్ల మీద హ్యాండిల్ తిప్పితే పరుచుకునే పట్టాలు చూశారా? ఆటోనగర్‌లో ఉండి కూడా నాకిది తట్టలేదు, కుర్రాడే కనిపెట్టాడు. మొహం కాస్త వాడింది గానీ పని నేర్చుకున్నాడు.

ఆ తర్వాత పేటెంట్లు. గూగుల్ పేటెంట్స్, యూరప్ వాళ్ల ఎస్పాస్‌నెట్, మన పేటెంట్ ఆఫీసు వాళ్ల ఇన్‌పాస్, అన్నీ ఉచితమే. ఒక కిటుకు ఉంది. దగ్గరగా ఉన్న పేటెంట్ ఒక్కటి దొరికితే దాని మీద ఉన్న వర్గీకరణ కోడ్ చూడండి. ఆ కోడ్‌తో వెతికితే పేర్లు వేరైనా ఒకే జాతి వస్తువులన్నీ బయటపడతాయి. దొరికిన పేటెంట్‌లో వర్ణన చదివి భయపడకండి, చివర్లో ఉండే క్లెయిములు, అంటే సరిగ్గా ఏది నాదని అడుగుతున్నాడో చెప్పే వాక్యాలు, చదవండి. హక్కు వాటికే.

ఇక్కడ చాలామంది రెండు ప్రశ్నలని కలిపేసి గందరగోళ పడతారు. "నాకు పేటెంట్ వస్తుందా" ఒకటి. "నేను చేసి అమ్మితే నా మీద కేసు పడుతుందా" ఇంకొకటి. అమెరికాలో 1985లో ఎవరో ఇలాంటిదే పేటెంట్ చేశారనుకోండి. మీకు పేటెంట్ రాదు, ఎందుకంటే కొత్తదనం అనేది ప్రపంచం మొత్తం మీద చూస్తారు. కానీ పేటెంట్ గడువు దరఖాస్తు నుంచి 20 ఏళ్లే కాబట్టి అది ఎప్పుడో ముగిసిపోయింది, మీరు నిక్షేపంగా చేసి అమ్ముకోవచ్చు. అలాగే ఇప్పటికీ అమల్లో ఉన్న విదేశీ పేటెంట్‌ని ఇండియాలో తీసుకోకపోతే ఇక్కడ దానికి హక్కు లేదు. అంటే వెతుకులాటలో పాత పేటెంట్ దొరకడం ఒక్కోసారి శుభవార్త. ఎవరో లక్షలు పెట్టి చేసిన డ్రాయింగు ఉచితంగా చేతికొచ్చినట్టే.

ఏమీ దొరకకపోతే? సంబరపడే ముందు ఒకటి ఆలోచించండి. ఎవరూ చేయలేదా, లేక చేసి, అమ్ముడుపోక మానేశారా? ఆ సరుకు అమ్మే షాపులో పాతికేళ్లుగా కూర్చున్న మనిషిని అడిగితే చెప్తాడు.

4. కొనేవాడి రూపాయి లెక్క, తర్వాత మీ రూపాయి లెక్క

ముందు కొనేవాడిది. రోలర్‌కి నేను వేసిన అంచనా 42,000 రూపాయలు. దానివల్ల రైతుకి మిగిలేదెంత? వాన దెబ్బకి ఐదు క్వింటాళ్లు తాలయిపోయి, క్వింటాకి 6,000 తేడా వచ్చిందనుకుందాం. 30,000 నష్టం. అది మూడేళ్లకోసారి జరుగుతుందనుకుంటే ఏడాదికి పదివేలు. రోలర్ ఆ నష్టాన్ని పూర్తిగా ఆపేస్తుందని ఒప్పుకున్నా డబ్బు తిరిగి రావడానికి నాలుగేళ్లు దాటుతుంది. అంతకుముందే ఎండకి పట్టా చిరిగిపోతుంది. చాలామంది కల్లం కోసం ఆ సీజన్‌కి చోటు అద్దెకి తీసుకుంటారు, వచ్చే ఏడాది కొలతలు మారిపోతాయి. ఇవి నేను అనుకున్న అంకెలే, మీ ఐడియాకి మీరు అడిగి తెచ్చిన అంకెలు వేసుకోండి.

ఇప్పుడు రెండో దశలో బయటపడిన పని చూడండి. పోగు చేయడం. నలుగురు గంటన్నర అంటే ఆరు మనిషి-గంటలు. చక్రాల మీద వెడల్పాటి పలక పెట్టి, కింద అంచుకి మెత్తటి రబ్బరు తగిలించి, ఇద్దరు నెట్టుకుంటూ ముప్పావు గంటలో పోగు చేయగలిగితే పట్టేది గంటన్నరే. నాలుగున్నర గంటలు మిగులుతాయి. రోజుకి 8 గంటలకి 500 కూలి అనుకుంటే సాయంత్రానికి 280 రూపాయలు. పదిహేను సాయంత్రాలకి 4,200. ఆ పలకని 3,500కి అమ్మితే ఒక్క సీజన్‌లో డబ్బు తిరిగొచ్చేస్తుంది. ఎప్పుడో ఒకసారి అక్కరకొచ్చే గొప్ప యంత్రం కంటే రోజూ చేతిలో ఉండే చిన్న పనిముట్టుకే జనం డబ్బు తీస్తారని నా అనుభవం.

పల్లెల్లో పనిముట్టు డబ్బు ఆ సీజన్‌లోనే తిరిగి రావాలి. హోటళ్లు, కర్రీ పాయింట్లు, చిన్న ఫ్యాక్టరీల వాళ్లు ఏడాది దాకా ఆగుతారు. ఇంటి వస్తువైతే లెక్కలు ఎవరూ వేయరు, వాడటం తేలికా, వంటింట్లో చోటుందా అని చూస్తారు.

మీ రూపాయి లెక్కలో ముడిసరుకు, కూలితో ఆపేయకండి. పలకకి సరుకు 1,300, కూలి 500, పెయింటు 150, తరుగు, కరెంటు, అద్దె కలిపి ఇంకో 250. అంటే 2,200. డీలరుకి అమ్మకం ధరలో పాతిక శాతం ఇవ్వాలి, 3,500లో 875. రవాణా 150. మిగిలేది 275. అందులోంచే వాపసు వచ్చినవి బాగు చేయాలి. జీఎస్టీ ఇంకా కలపలేదు. చేతి పనిముట్టుకీ యంత్రానికీ పన్ను ఒకేలా ఉండదు, మీ వస్తువు ఎందులోకొస్తుందో అకౌంటెంటుని ముందే అడగండి. ఈ లెక్కన డీలరు దారి మనకి పనికిరాదు, నేరుగా అమ్మాలి, లేదా ఖర్చు తగ్గించాలి. వంద పలకలు ఒకేసారి కోయిస్తే సరుకు ఎంత తగ్గుతుందో కూడా అడిగి రాసుకోండి. కానీ మొదటి లెక్క మాత్రం పది పలకల ధర మీదే వేయండి.

5. కాగితం మీదే విరగ్గొట్టండి

రోలర్ సంగతి ఇంకా పూర్తి కాలేదు. డ్రాయింగులో 30 అడుగుల రెండంగుళాల జీఐ పైపు, రెండు చివరలా చక్రాలు, కాయ మీద నుంచి నాలుగు అంగుళాల ఎత్తులో వెళ్తుంది. నాకు చూడగానే అనుమానం వచ్చింది. ఆ పైపు మీటరుకి 5 కిలోలు ఉంటుంది. 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు పట్టా, 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 200 గ్రాములు) అయితే 33 కిలోలు, అదీ పైపు మీదే. లెక్క వేయమన్నాను. నడుమ ఆరు అంగుళాలు కుంగుతుందని తేలింది. నాలుగు అంగుళాల ఎత్తులో పెట్టిన పైపు ఆరు అంగుళాలు కుంగితే ఏమవుతుంది? మిర్చి మీద రోడ్డు రోలర్ నడిపినట్టవుతుంది. కాయ పగిలి గింజ రాలితే యార్డులో రేటు పోయినట్టే.

అయితే ఇలాంటిది ఐడియాని చంపేసే లోపమా, దిద్దుకునే లోపమా అన్నది చూడాలి. ఇది దిద్దుకునేదే. అడుగుకి ఒకే బరువు పడుతున్నప్పుడు కుంగుడు పొడవుకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. పైపు పొడవు సగం చేస్తే కుంగేది సగం కాదు, పదహారో వంతు. పదిహేను అడుగులవి రెండు పెడితే అర అంగుళం కూడా కుంగదు. కిందనుంచి పారే నీళ్లు మాత్రం దిద్దుకోలేని లోపం, ఎందుకంటే అది వస్తువులో లేదు, కల్లంలో ఉంది.

మీ ఐడియాలో "ఇది పనిచేయకపోతే మొత్తం పోయినట్టే" అనే చోటు ఒకటుంటుంది. దాన్ని వెతికి ముందు దాన్నే పరీక్షించండి. మనసు రంగు, ఆకారం, మొబైల్ యాప్ వైపు పోతుంది. పోనివ్వకండి.

6. వెయ్యి రూపాయల నమూనా

ఆటోనగర్‌కి ఇంకా రావద్దు. పీవీసీ పైపు, ప్లైవుడ్ ముక్క, పాత సైకిల్ ట్యూబు, బైండింగ్ వైరు, ఫెవిక్విక్. వెయ్యి, పదిహేను వందల్లో అయిపోవాలి. అందంగా ఉండక్కర్లేదు, ఆ ఒక్క పని చేస్తే చాలు.

నమూనా చేతికి రాకముందే నోటుబుక్కులో గీటు గీయండి. ఏ అంకె దాటకపోతే ఆపేస్తానో ముందే రాయాలి. కుర్రాడు రాసింది: ఇద్దరు మనుషులు, గంట లోపు, పగిలిన కాయ చేటలతో పోగు చేసినప్పటి కంటే ఎక్కువ ఉండకూడదు. పగిలిన కాయ ఎలా కొలిచాడంటే, పోగులో నాలుగు చోట్ల నుంచి కిలో చొప్పున తీసి, పగిలినవి ఏరి, ఇంట్లో వంటింటి త్రాసు మీద తూచాడు. ఇది ముందే రాయకపోతే ఏమవుతుందో తెలుసా? గంటా ఇరవై నిమిషాలు పట్టినా "అలవాటు లేక పట్టింది" అని మనకి మనమే సర్టిఫికెట్ ఇచ్చుకుంటాం.

మొదటి ట్రయల్‌లో ప్లైవుడ్ అంచు కాయని తొక్కేసింది. ట్యూబు రెండు పొరలు వేసి, పలకని కాస్త వెనక్కి వాల్చాడు. రెండోసారి 52 నిమిషాలు పట్టింది, పగుళ్లు చేటలకి దాదాపు సమానంగా వచ్చాయి.

ఆ తర్వాత అడ్వాన్సు పరీక్ష. నచ్చింది అన్నవాళ్లని 500 అడ్వాన్సు అడగండి, నచ్చకపోతే తిరిగిచ్చేస్తానని చెప్పి. "భేషుగ్గా ఉంది బాబూ" అన్నవాళ్లలో ఎంతమంది జేబులో చెయ్యి పెడతారో అప్పుడు తెలుస్తుంది. అడగడానికి మొహమాటంగా ఉంటుంది. నాకూ ఉంటుంది. ఆ మొహమాటమే నాకు పది స్టాండ్లు మిగిల్చింది.

7. పేటెంట్ ఎప్పుడు, ఎంత

బయటివాళ్ల ముందు ట్రయల్‌కి వెళ్లే ముందు ప్రొవిజనల్ దరఖాస్తు (పూర్తి దరఖాస్తు కంటే ముందు వేసే తాత్కాలిక దరఖాస్తు) పెట్టుకోవడం మంచిది, అదీ పై లెక్కలన్నీ దాటిన ఐడియా అయితేనే. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో పెడితే ఫీజు 1,600 రూపాయలు. మన రాష్ట్రం చెన్నై పేటెంట్ ఆఫీసు కిందికొస్తుంది, వెళ్లక్కర్లేదు. ఆ రోజు నుంచి 12 నెలల్లో పూర్తి దరఖాస్తు వేయాలి, వేయకపోతే అది పోయినట్టే. ఆ ఏడాది మీకు ఆలోచించుకునే గడువు. దరఖాస్తుని పరీక్షించమని వ్యక్తిగా పేటెంట్ ఆఫీసుని అడిగితే 4,000. 2024లో మారిన నిబంధనల ప్రకారం ఆ అభ్యర్థన మొదటి దరఖాస్తు వేసిన తారీఖు నుంచి 31 నెలల్లోపు పెట్టాలి. ఏజెంటు ఫీజు వేరు, అసలు ఖర్చు అదే.

ఏది ఇవ్వరో కూడా తెలుసుకోండి. పేటెంట్ చట్టంలో మూడో సెక్షన్ ఒక్కసారి చదివితే చాలా టెన్షన్ తగ్గుతుంది. తెలిసిన వస్తువులని పక్కపక్కన పెట్టి, వేటి పని అవి చేసుకుంటుంటే ఇవ్వరు. కుర్రాడు ఒక దశలో రోలర్‌కి వాన సెన్సారు, మోటారు, ఫోన్‌కి మెసేజ్ తగిలిస్తానన్నాడు. అది సరిగ్గా ఇందులోకి వచ్చే ప్రమాదం ఉంది. వ్యవసాయ పద్ధతికి ఇవ్వరు, యంత్రానికైతే ఇవ్వొచ్చు. ఒట్టి కంప్యూటర్ ప్రోగ్రాముకి, వ్యాపార పద్ధతికి, సంప్రదాయ జ్ఞానానికి ఇవ్వరు. వస్తువు పని పాతదే, రూపం కొత్తదైతే డిజైన్ రిజిస్ట్రేషన్ చేసుకోవచ్చు. పదేళ్లు ఉంటుంది, ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు.

మోసాల గురించి. దరఖాస్తు సాధారణంగా 18 నెలలకి ప్రచురిస్తారు. ప్రచురణ అయితే పేటెంట్ వచ్చినట్టు కాదు. ఆ కాగితానికి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నవాళ్లని చూశాను. డిజైన్ సర్టిఫికెట్‌ని పేటెంట్ అని అంటగట్టేవాళ్లూ ఉన్నారు. నా దగ్గరికొచ్చిన ఒకాయన "మీ ఐడియా అద్భుతం, పెద్ద కంపెనీలకి చూపిస్తాం" అన్న ఒక సంస్థకి లక్షన్నర కట్టాడు. చేతికొచ్చింది స్పైరల్ బైండింగ్ చేసిన రిపోర్టు. వచ్చిన ప్రతి ఐడియానీ మెచ్చుకునేవాడు మీ ఐడియాని చదవలేదని అర్థం.

పలకకి పేటెంట్ వేయొద్దన్నాను. అలాంటివి ఇప్పటికే ఉన్నాయి, రబ్బరు అంచు వాలు కోణం ఒక్కదానికి ఇస్తారని నాకు నమ్మకం లేదు. ఇచ్చినా ఆటోనగర్‌లో నెలలో నలుగురు దించేస్తారు, నలుగురి మీదా కోర్టుకెళ్లే ఓపిక 275 రూపాయల లాభంలో లేదు. పేరు పెట్టుకుని, త్వరగా అమ్ముకోవడమే.

8. అడ్డం తగిలే చట్టాలు, ఆసరా దొరికే చోట్లు

బైకుకో ఆటోకో తగిలించే ఐడియా అయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూడండి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. కుక్కరు, హెల్మెట్ లాంటివి ఐఎస్ఐ మార్కు లేకుండా అమ్మకూడదు. ఆ పరీక్షల ఖర్చు నాలుగో దశలోనే కలపాలి.

చదువు, కంపెనీ, ఏదీ లేకుండా సొంతంగా చేసినవాళ్లకి గుజరాత్ గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఉంది. వ్యవసాయ పనిముట్టు అయితే గుంటూరు లాం ఫారంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో అడగండి, అక్కడివాళ్లు మిర్చిని దశాబ్దాలుగా చూస్తున్నారు. 2025లో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ వచ్చింది. నమూనాకి డబ్బు కావాలంటే కేంద్రం వాళ్ల నిధి ప్రయాస్ పథకంలో పది లక్షల దాకా అవకాశం ఉంది. ఎక్కడికెళ్లినా మొదట అడిగేది "ఎవరికి కావాలి, ఎంతమందిని కలిశారు" అనే. నోటుబుక్కు తీసుకెళ్లండి.

ఏప్రిల్‌లో కుర్రాడు మళ్లీ వచ్చాడు. ఈసారి మడత కాగితం లేదు. బైకు వెనక కట్టుకొచ్చిన పలక, జేబులో ఆరుగురి అడ్వాన్సు మూడు వేలు. ఏడో ఆయన రెండు రోజులు వాడి, తొడిమలు చక్రాల్లో ఇరుక్కుంటున్నాయని తిరిగిచ్చేశాడట. రబ్బరు ఒక పక్కనే అరిగిపోయింది. చక్రం పట్టుకుని తిప్పి చూశాను. ఇరుసు వంకర. "అది నీ తప్పు కాదులే, ఎవరు వెల్డింగ్ చేశారు?" అన్నాను. నోటుబుక్కు తీసి తారీఖు వేసుకుంటూ, మా వాడి వైపు చూపించాడు.